బైండింగుకు పోయిన పుస్తకం

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకోవడం కాదు, హిందూపురంలో మా మిషన్ కాలేజీలో ఎవరిని అడిగినా చెబుతారు. లైబ్రరీలో చెప్పులు టపటపలాడించినవాడిని, పుస్తకం మూల మడిచినవాడిని, వేలు నాలుకకు అద్దుకొని పుటలు తిప్పినవాడిని తొమ్మిదేళ్ళుగా నేను ఊరికే వదిలింది లేదు. పిల్లలు నాకు మిరపకాయ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఆ కోపమే నా కొంప ముంచిందని వాళ్ళకు తెలియదు. తెలిస్తే ఇంకో పేరు వెతికేవాళ్ళు.

నా పేరు దీనమ్మ. మా ఊరు పెనుకొండ పక్కన ఎర్రమంచి. మా నాయన కూలిపని చేస్తూనే నన్ను మిషన్ బోర్డింగులో వేశాడు. అక్కడ చదువుకొని 1956లో ఈ కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటుగా చేరాను. పేరుకు ప్రిన్సిపాల్ దొరగారే లైబ్రేరియన్. తాళంచెవులు, రిజిస్టర్లు, తిట్లు మాత్రం నావి. సాయానికి అటెండరు పోతులయ్య ఉన్నాడు. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాడు, బంగారంలాంటి మనిషి, కానీ రిజిస్టరులో ఏది రాసి ఉంటే అదే లోకం అనుకునే రకం.

లైబ్రరీ అంటే ఒక పొడుగాటి హాలు. నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు. వాటిలో సగం ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవి. గోడ వారన కర్రలకు తగిలించిన దినపత్రికలు, మూడు నెలలు ఆలస్యంగా చేరే ఇంగ్లీషు మాసపత్రికలు, ఒక మూల బైబిలు నిఘంటువులు, ఇంకో మూల మిషన్ వార్షిక నివేదికల బీరువా. ఆ నివేదికలను రాసినవాళ్ళు కూడా మళ్ళీ చదివి ఉండరు. ఆ బీరువాను మాత్రం గుర్తు పెట్టుకోండి, దానితో పని ఉంది.

ఆ నాలుగు వేలలో ఒకటి 1147 నంబరు పుస్తకం. సొంత దేశానికి వెళ్ళిపోతూ ఒక దొరసాని మాకు ఇచ్చిపోయింది. ఫెర్ను మొక్కల బొమ్మల పుస్తకం అది. పన్నెండు రంగు బొమ్మలు, ఒక్కో బొమ్మ మీద పల్చటి కాగితం తెర. వెన్ను అప్పటికే చీలిపోయి, పై అట్ట ఒక పక్క ఊగుతూ ఉండేది. తుమ్మచెట్లు, కందిచేలు, వేరుశనగ తప్ప వేరే పచ్చదనం ఎరగని మా కళ్ళకు ఆ ఆకులు ఏ లోకంలోవో అనిపించేవి. మొదటి పుటలో ఎర్రసిరాతో నేనే రాశాను: ఇంటికి ఇవ్వబడదు.

1957 జులైలో ఒక సాయంత్రం కొత్తగా చేరిన విద్యార్థి ఒకడు ఆ పుస్తకం ముందేసుకొని, పక్కన గళ్ళ కాగితం పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో కూర్చున్నాడు. బొమ్మల మీద కాగితం పరిచి, పెన్సిలు గట్టిగా నొక్కి, పుస్తకాలను నాశనం చేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను. వెళ్ళి అతని నెత్తిన నిలబడి, బొమ్మ మీద పెన్సిలు ఆనిస్తే చెయ్యి విరగ్గొడతానని చెప్పాను. అతను లేచి నిలబడ్డాడు. తను బొమ్మను ముట్టుకోనని, ఊరికే చూసి గళ్ళు లెక్కపెట్టుకుంటున్నానని నెమ్మదిగా అన్నాడు.

"ఒక్కో గడి ఒక్కో పోగు" అని కాగితం చూపించాడు. "మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. అంచుకు ఎప్పుడు చూసినా ఆ మామిడిపిందే, ఆ హంసే. ఈ ఆకు ఎవురూ నెయ్యలేదు. ఇది యాడ పెరుగుతాది?"

వానలు పడే చోట పెరుగుతుందని విసురుగా అన్నాను.

"అట్లయితే మన పక్క చీరల మీదనే పెరగల్ల" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. లైబ్రరీలో నేను నవ్వడం పోతులయ్య అదే మొదటిసారి చూశాడట. తరువాత చెప్పాడు.

అతని పేరు గంగాధర. ప్రతి సాయంత్రం నాలుగింటికి వచ్చేవాడు. ఒక్కో బొమ్మకు నెల, నెలన్నర పట్టేది. ఆకు తొడిమ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క గడి నింపుకుంటూ పోయి, ఎక్కడైనా ఒక్క పోగు తేడా వస్తే కాగితం మొత్తం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అంత ఓపిక నేను మనుషుల్లో చూడలేదు. నాకు ఎలాగూ లేదు. కొన్నాళ్ళకు నేను పొద్దున్నే వచ్చి మొదట అతను కూర్చునే బల్లే తుడిచేదాన్ని. వెలుతురు పడాలని ఆ పక్క కిటికీ రెక్క తెరిచి, గాలికి కొట్టుకోకుండా మిషన్ నివేదిక ఒకటి అడ్డం పెట్టేదాన్ని. ఐదున్నరకు కొట్టవలసిన గంట ఐదూ ముప్పావుకు కొట్టేదాన్ని.

అందరూ నన్ను మేడం అనేవాళ్ళు. పోతులయ్య అమ్మయ్యా అనేవాడు. గంగాధర ఏమీ అనేవాడు కాదు. ఏదైనా కావాలంటే నా బల్ల దగ్గరికి వచ్చి, నేను చూసేదాకా నిలబడేవాడు. అతను వచ్చి నిలబడ్డాడని తెలిసి కూడా నేను తల ఎత్తకుండా రిజిస్టరు తిప్పుతూ కూర్చునేదాన్ని, ఇంకాసేపు నిలబడతాడని.

నాకు అతనంటే ఇష్టం. ఇప్పుడు దాచి ఏం చేసుకోను. అతను మగ్గాల ఇంటి బిడ్డ, చౌడమ్మకు మొక్కే ఇల్లు. నేను ఆదివారం ఏసు గుడిలో పాటలు పాడే కూలివాళ్ళ పిల్లను. వయసులో ఒకటి రెండేళ్ళు నేనే పెద్ద. ఇవన్నీ నాకు తెలియక కాదు, తెలిసే ఇష్టపడ్డాను.

1958 నవంబరులో, పదకొండు బొమ్మలు పూర్తయ్యాక, ఒక మధ్యాహ్నం అతను ట్రంకుపెట్టె భుజాన పెట్టుకొని లైబ్రరీకి వచ్చాడు. వాళ్ళ నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందట. ఇంట్లో మగ్గం మీద కూర్చోవడానికి ఇంకో మనిషి లేడు. చదువు మానేసి పోతున్నానని చెప్పి, కార్డులు తిరిగి ఇచ్చాడు. ఇచ్చి కూడా పోలేదు, నిలబడ్డాడు. ఆ రోజు నేను వెంటనే తల ఎత్తాను.

"పన్నెండో బొమ్మ మిగిలిపాయ" అన్నాడు. "పుస్తకం యాటికీ పోకుండా చూడండి. నేనొస్తా."

"ఆ బొమ్మ కోసమేనా?" అని అడిగాను. అలా ఎలా అడిగానో నాకే తెలియదు.

అతను పెట్టె ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "దాని కోసరమే అనుకోండి" అన్నాడు. ఆ 'అనుకోండి' అన్న మాటను పట్టుకొని నేను ఆరేళ్ళు బతికాను.

అతను పోయిన రెండు వారాలకు బాటనీ లెక్చరరు ఆ పుస్తకం క్లాసుకు కావాలన్నాడు. ఆయన చేతికి పోయిన పుస్తకం బొమ్మలతో సహా తిరిగిరావడం నేను చూడలేదు. బ్లేడుతో కోసి గోడకు అంటించేవాడు. ఇవ్వనంటే దొరగారి దగ్గరికి పోతాడు. ఆ రాత్రంతా ఆలోచించి, మరునాడు పొద్దున్నే బైండింగు రిజిస్టరు తీసి రాశాను: 1147, బైండింగుకు పంపబడినది. మా పుస్తకాలు బైండింగుకు బెంగుళూరు పోయేవి. పోయినవి ఎప్పుడు వస్తాయో దేవుడికే తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పుస్తకాన్ని పాత దుప్పటి ముక్కలో చుట్టి నివేదికల బీరువాలో వెనక వరుసలో పెట్టి తాళం వేశాను. ఇంకో మనిషికి తెలిస్తే రహస్యం నిలవదని పోతులయ్యకు కూడా చెప్పలేదు. ఎంత తెలివైన పని చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆదివారం గుడి అయ్యాక అప్పుడప్పుడు హాలు తెరిచి, బీరువా తీసి, ఆ పన్నెండో బొమ్మ మీది తెర ఎత్తి చూసేదాన్ని. మిగతా పదకొండూ విచ్చుకున్న ఆకులు. ఇది మాత్రం ఇంకా విప్పుకోని లేత చిగురు, గుండ్రంగా చుట్ట చుట్టుకొని ఉంటుంది. చూసి, తెర కప్పి, మళ్ళీ దుప్పటిలో చుట్టేదాన్ని.

అతను ఉత్తరం రాయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేను ఉండేది కాలేజీ ఆడవాళ్ళ హాస్టలులో. మగవాడి చేతిరాతతో కవరు వస్తే వార్డెనమ్మ విప్పి చదివి, మధ్యాహ్నం భోజనాల దగ్గర పాఠం చెప్పేది. ఆ సంగతి కాలేజీలో ప్రతి విద్యార్థికీ తెలుసు. నేను రాద్దామంటే అతని వీధి పేరు కూడా తెలియదు. ఇక లైబ్రరీలోకి బయటివాళ్ళను రానివ్వరు. ఏడాదిలో ఒక్క రోజు తప్ప.

ఆ రోజు ఫిబ్రవరి మొదటి శనివారం, లైబ్రరీ దినం. ఆవరణలో పందిరి వేసి, బల్లలు పరిచి, పుస్తకాలన్నీ జనం ముందు పెట్టేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, పాత విద్యార్థులు, అందరూ రావచ్చు. వేరుశనగ తెగుళ్ళ మీద వ్యవసాయ శాఖవారి కరపత్రాలు, పిల్లలకు బొమ్మల పుస్తకాలు, హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసి లాంతరు బొమ్మల ప్రదర్శన. వచ్చిన ప్రతివారూ సందర్శకుల పుస్తకంలో పేరు, ఊరు రాసి, పక్క గడిలో అభిప్రాయం రాయాలి. సాయంత్రానికి ఆ పుస్తకం ఆఫీసుకు పోతుంది. అక్కడ ఎవరూ చూడరు.

1959లో దొరగారు కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. చదువురాని ఆడవాళ్ళు ఇక్కడికి రాలేరు కాబట్టి, అదే రోజు ఒక పెట్టెడు పుస్తకాలు రైల్లో పక్క ఊరికి తీసుకుపోయి, వాళ్ళకు చదివి వినిపించాలి. ఆడమనిషిని కాబట్టి ఆ పని నాది. ఏ ఊరికి పోతావని ఆయన అడగడం పూర్తికాకముందే ధర్మవరం అన్నాను.

పొద్దుటి బండిలో పెట్టెతో దిగి, అక్కడి మిషన్ బడి అరుగు మీద చాప పరిచి, వచ్చిన ఆడవాళ్ళకు సాయంత్రం దాకా చదివాను. గొంతు మగ్గాల వీధి దాకా పోవాలని అరిచి అరిచి చదివాను. వీధిలో మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇందులో ఒకటి అతనిదే అనుకున్నాను. అతను రాలేదు. 1960లోనూ పోయాను. అప్పుడూ రాలేదు.

1961లో సిగ్గు విడిచి, ఆడవాళ్ళను కథలకు పిలిచే సాకుతో మగ్గాల వీధిలోకే పోయాను. రాట్నం తిప్పుతున్న ఒక ముసలామెను గంగాధర ఇల్లు యాడ అని అడిగాను.

"వాడు ఊర్లో లేడమ్మా. పొద్దున్నే రైలెక్కి పాయ" అంది. "ప్రతి ఏడూ ఈ దినానికే యాటికో పోతాడు."

ప్రతి ఏడూ ఈ దినానికే. అంటే నేను వచ్చే దినానికే. నా ఒళ్ళు భగ్గుమంది. నా గొంతు వినబడుతుందని, నా కంట పడవలసి వస్తుందని ఊరు విడిచి పారిపోతున్నాడన్నమాట. రానని చెప్పడానికి నోరు లేదా? తిరుగు రైల్లో పెనుకొండ కోట కొండ కనబడేదాకా అతన్ని తిట్టుకుంటూనే వచ్చాను. మరుసటి ఏడు దొరగారు ఏ ఊరు అని అడిగితే, పెనుకొండ అన్నాను. ధర్మవరంలో ఏం తక్కువైందని ఆయన అడిగారు. అక్కడివాళ్ళకు పుస్తకాలంటే లెక్కలేదని చెప్పాను. అప్పటి నుంచి పెట్టె పెనుకొండకే పోయింది.

అంత కోపంలోనూ పుస్తకాన్ని బీరువాలో నుంచి బయట పెట్టలేదు. అది వేరే సంగతి. నల్లమాడలో మిషన్ బడి పంతులు ఒకరి సంబంధం వచ్చింది, మంచివాడేనట, వద్దన్నాను. మా అవ్వ ఈరక్క మంచం మీద నుంచే, ఏం మే, పుస్తకాన్నే కట్టుకున్న్యావా అని అడిగింది. ఊరికే అన్న మాట అది. నేను మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాను.

1964 జూన్‌లో దొరగారు రిటైరయ్యారు. కొత్త ప్రిన్సిపాల్ మన తెలుగాయనే, పద్ధతి మనిషి. సెప్టెంబరులో పుస్తకాలన్నీ సరిచూడాలన్నారు. బైండింగుకు పోయి ఏడాది దాటిన పుస్తకాలు సోమవారానికల్లా తన బల్ల మీదికి రావాలని, రానివాటిని ఎవరు పోగొట్టారో కాగితం మీద రాసివ్వాలని చెప్పారు. పనిలో పనిగా లైబ్రరీ దినానికి ఏ ఏడు ఎంతమంది వచ్చారో వార్షిక నివేదికకు కావాలంటూ, ఆఫీసు బీరువాలోని సందర్శకుల పుస్తకాన్ని నా బల్ల మీదికి పంపించారు.

1147 బైండింగు నుంచి వచ్చేసిందని రాసి పారేస్తే సరి, అంతకంటే ఏముంది అనుకున్నాను. అనుకుంటూనే పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అది గురువారం మధ్యాహ్నం.

1959, నూట పన్నెండో పేరు. చేతిరాత చూడగానే తెలిసింది, గళ్ళు నింపినట్టు ఒక్కొక్క అక్షరం విడివిడిగా. గంగాధర, ధర్మవరం. పక్క గడిలో: పుస్తకము బైండింగుకు పోయినదని చెప్పినారు. మరల వచ్చెదను.

1960. గంగాధర, ధర్మవరం. పుస్తకము ఇంకను రాలేదట. మరల వచ్చెదను.

1961. ఈసారి గడి చాలక కింది గడిలోకి కూడా రాశాడు. పుస్తకము రాలేదు. ఈ దినమున మీరు పెట్టెతో మా ఊరికే పోవుదురని పోతులయ్య చెప్పగా ఇప్పుడు తెలిసినది. వచ్చే ఏడు నేను ఎక్కడికీ పోను. మా ఊరిలోనే ఉందును.

1962లో అతని పేరు లేదు. 1962లో నేను ధర్మవరం పోలేదు. పెనుకొండలో అరుగు మీద కూర్చొని కథలు చదువుతున్నాను.

నేను పెన్ను కింద పెట్టి పోతులయ్యను పిలిచాను. మూడేళ్ళు వరసగా ఒక మనిషి వచ్చి అడిగితే నాకెందుకు చెప్పలేదని అరిచాను. లైబ్రరీ అంతా తల తిప్పి చూసింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకొని, ఆ రాతలను చదివి, నా మొహం చూశాడు.

"ఆ పొద్దు మున్నూరు మంది వస్తారమ్మయ్యా. పుస్తకం అడిగిరి, రిజిస్టరు చూసి చెప్తి" అన్నాడు. "బైండింగుకు పోయిందని మీరే రాసింటిరి గదా."

నేనే రాశాను. ఎవరూ ముట్టకూడదని నేను వేసిన తాళం, ఎవరి కోసం వేశానో ఆ మనిషి మొహానే పడింది. ముసలామె చెప్పిన మాటకు ఒక్క రోజు ఆగి ఆలోచించి ఉంటే, ప్రతి ఏడూ ఆ దినానికే ఎక్కడికి పోతాడో తట్టి ఉండేది. నా కోపం ఆగనిచ్చిందా? బల్ల కింద వంగి ఏదో వెతుకుతున్నట్టు కాసేపు ఉండిపోయాను.

శనివారం సెలవు పెట్టి, పుస్తకం సంచిలో పెట్టుకొని పొద్దుటి బండి ఎక్కాను. ఈసారి మగ్గాల వీధిలో మొదటి ఇంట్లోనే గట్టిగా అడిగాను, గంగాధర ఇల్లు యాడ అని. ఎవరేమనుకుంటే నాకేం. ఒక చేత్తో నీళ్ళ బిందె పట్టుకున్న ఆమె ఇంకో చేత్తో మూడో ఇల్లు చూపించింది.

తలుపు తీసే ఉంది. గుంతమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చొని నేస్తున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు, మీసం వచ్చింది. పక్కన ఒక అమ్మాయి రాట్నం మీద కండెలు చుడుతోంది, మెడలో నల్లపూసలు ఇంకా కొత్తవి. గుమ్మంలో నీడ పడేసరికి అతను తల ఎత్తాడు. నన్ను చూశాడు. నా సంచిని చూశాడు. లేచి గుంతలో నుంచి పైకి వచ్చాడు.

"చౌడేశ్వరీ, అక్కొచ్చింది. నీళ్ళియ్యి" అన్నాడు.

ఏడాదిన్నర పాటు ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవని మనిషికి ఆ రోజు పిలుపు దొరికింది. తప్పని అనలేను. ఆ ఇంట్లో నాకు అంతకంటే మర్యాదైన పిలుపు ఇంకేం ఉంటుంది? చెప్పులు గడప అవతల విడిచి లోపలికి వచ్చాను.

చౌడేశ్వరి ఏ చెంబుతో నీళ్ళు ఇస్తుందా అని చూశాను. మాలాంటివాళ్ళకు వేరే చెంబు పెట్టే ఇళ్ళు నేను చాలా చూశాను. ఆమె ఇంట్లో అందరూ తాగే చెంబే కడిగి తెచ్చింది. కూర్చో అక్కా, ఎండలో వచ్చినావు అంది. దాంతో ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు దారి లేకపోయింది.

నేను పుస్తకం తీసి అతని ముందు పెట్టాను. అతను వెంటనే తెరవలేదు. చేతులు పంచెకు తుడుచుకొని, చీలిన వెన్ను మీద, ఊగుతున్న అట్ట మీద వేలితో నిమిరాడు.

"బైండింగుకు పోయిన పుస్తకం ఇట్లే ఉండాదే" అన్నాడు.

"పోలేదు. నేనే దాచిపెట్టినా" అన్నాను. "ఎవురూ ముట్టకుండా, నీ కోసరం."

నేను గురువారం దాకా సందర్శకుల పుస్తకం చూడలేదని, పెట్టెను పెనుకొండకు ఎందుకు మార్చానో కూడా, ఏదీ దాచకుండా చెప్పాను. ముసలామె మాట కూడా చెప్పాను. అతను నేల చూస్తూ విన్నాడు.

"ఆ ఏడు బడి అరుగు మీద పొద్దుగుంకేదాకా కూర్చుంటి" అన్నాడు.

అంతే అన్నాడు. ఆ తరువాతే పెళ్ళి చేసుకున్నాడని నాకు వేరే చెప్పనవసరం లేదు. చౌడేశ్వరి రాట్నం తిరుగుతూనే ఉంది. ఆమెకు ఎంత అర్థమయిందో నాకు తెలియదు. ఏమీ అర్థం కానట్టే ఉంది, అది ఆమె మంచితనం కావచ్చు.

తరువాత అతను గళ్ళ కాగితం తెచ్చుకొని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా పన్నెండో బొమ్మను లెక్కపెట్టి దించుకున్నాడు. అప్పటిలా నెల పట్టలేదు, చెయ్యి తిరిగింది. మిగతా పదకొండూ నేసేశాడట. పెట్టెలో నుంచి ఒక చీర తీసి చూపించాడు. ఎర్రటి పట్టు మీద పచ్చటి ఆకు అంచు, నేను ఎదురుగా కూర్చొని చూసిన తొమ్మిదో బొమ్మ. అంచు వేళ్ళ మధ్య పట్టుకొని తొడిమ నుంచి కొస దాకా చూశాను. నేను కూర్చున్న చోటు నుంచి అతని వేళ్ళు, పెన్సిలు కనబడుతూ ఉన్నాయి. హాలులోలాగానే. ఆ కాస్తసేపు నేను సుఖంగానే ఉన్నానని చెబితే ఎవరూ నమ్మరు.

పని అయ్యాక, పుస్తకం కాలేజీలో మళ్ళీ ఎప్పుడు చూపించాలని అడిగాడు. సోమవారానికి ప్రిన్సిపాల్ బల్ల మీద ఉండాలని చెప్పాను.

"అట్లయితే మీరు రాసింది నిజం చేద్దాం" అన్నాడు.

దబ్బనం తెచ్చి, పాత దారం తెంపి, పుస్తకం వెన్ను మొత్తం మళ్ళీ కుట్టాడు. మామూలు దారం ఆగదని పట్టుదారం అడిగాడు. చౌడేశ్వరి రాట్నం ఆపి, నాలుగు పోగులు కలిపి పురిపెట్టి అందించింది. అతను కుడుతుంటే దారం బిగువుగా పట్టుకున్నది కూడా ఆమే. నేను ఇవతల కూర్చొని చూశాను. గంజితో అట్ట అంటించి, పైన బరువు పెట్టి, అది ఆరేలోపు నాకు సంగటి పెట్టారు. సాయంత్రం బండికి స్టేషను దాకా ఇద్దరూ వచ్చి సాగనంపారు.

సోమవారం ప్రిన్సిపాల్ గారు 1147ను తిప్పి తిప్పి చూశారు. ఇంత గట్టి కుట్టు తను ఎక్కడా చూడలేదని, అందుకే ఆరేళ్ళు పట్టిందేమోనని, పైగా పట్టుదారమని మెచ్చుకున్నారు. ఆ బైండరు ఎవరు, మిగతావి కూడా పంపుదాం అన్నారు. ధర్మవరంలో ఉన్నాడు సార్, ఇంక చెయ్యడు అని చెప్పాను. రిజిస్టరులో నా చేత్తోనే రాశాను: బైండింగు నుంచి తిరిగి వచ్చినది.

మొన్న ఫిబ్రవరి మొదటి శనివారం మళ్ళీ లైబ్రరీ దినం వచ్చింది. పెట్టెతో వేరే టీచరమ్మను పంపించి, నేను పందిట్లో సందర్శకుల పుస్తకం ముందు కూర్చున్నాను. 1147ను బల్ల మీద అందరికీ కనబడేట్టు పెట్టాను. వచ్చిన మూడు వందల మందీ నా కళ్ళ ముందే పేర్లు రాశారు. ఒక్క చేతిరాతనూ వదలకుండా చూశాను. ఐదున్నరకు పోతులయ్య వచ్చి తలుపులు మూయమంటారా అని అడిగాడు. ఇంకో పావుగంట ఉండనీ అన్నాను. ఆయన వెళ్ళి గంట దగ్గర కూర్చున్నాడు.

గంగాధర రాలేదు. ఎందుకు వస్తాడు? అతను ఇక్కడికి రావడానికి ఒకే ఒక్క బొమ్మ మిగిలి ఉండేది. దాన్ని నేనే తీసుకుపోయి అతని ఇంట్లో ఇచ్చి వచ్చాను.